ఎనిమిది నిమిషాల యాభై సెకన్లు

శుక్రవారం సాయంత్రం ఐదుంపావుకి కబురొచ్చింది.
ఎక్కడో ఒక దేశంలో ఎవరో మంత్రి
ఈ ఏడు గడియారాలు ముందుకి తిప్పక్కర్లేదన్నాడట.
తిప్పాల్సింది రేపు అర్ధరాత్రి.
పెళ్లి శుభలేఖకైనా పది రోజుల గడువిస్తారు కదయ్యా!

తరమణిలో నాలుగో అంతస్తు,
కారే ఏసీ కింద నీలం బకెట్,
బకెట్ పక్కన నేను.
ఏ ఊళ్లో ఎప్పుడు టైమెంతో
రాసి పెట్టిన ఫైలొకటుంటుంది లోకానికి.
దాన్ని పాతబడనివ్వకపోవడం నా ఉద్యోగం,
ఊరగాయ జాడీకి వాసెన గుడ్డ మార్చినట్టు.
ఎవరూ చూడరు. మార్చకపోతే మాత్రం వాసనొస్తుంది.

ఆ దేశంలో పదకొండు వేల మంది
మా గంట మోగితేనే మాత్ర మింగుతారు.
మేమెవరమో వాళ్లకి తెలియదు.
తెలిసిన రోజు మంచి రోజు కాదు.

ఇళవరసి చెప్పులు విప్పి, కుర్చీలో మఠం వేసుకుని
టెస్టులు మొదలుపెట్టింది.
తను తమిళంలో తిడుతుంది, నేను తెలుగులో,
బగ్గుకి రెండూ అర్థమవుతాయి.

కొత్తగా చేరిన వెట్రివేల్ అడిగాడు:
కలకత్తా అని ఇంకా ఎందుకుందక్కా ఇందులో?
కోల్‌కతా వచ్చింది కదా, పాతది పీకేద్దామా?
పీకకు, అన్నాను.
ఏ ఆస్పత్రి మూలనో, పదిహేనేళ్లుగా ఎవరూ ముట్టని పెట్టె ఒకటి
ఇంకా ఆ పేరే పెట్టి పిలుస్తుంటుంది.
పిలిస్తే పలకాలి.
పలక్కపోతే అది అలిగి గ్రీనిచ్‌లో కూర్చుంటుంది,
ఐదున్నర గంటలు వెనక్కి.

పొద్దున నేనే ఆటోలో మౌంట్ రోడ్డన్నాను,
ఫోను అన్నా సాలై అంది.
డ్రైవరు ఏ పేరుకీ మీటరు వెయ్యలేదు.

మరి మన ఊరు లేదేం? అన్నాడు మళ్లీ.
చెన్నైలో కూచుని కోల్‌కతా అని ఎంచుకోవాలా?
ఉంది, కిందికి రా, అన్నాను.
కోల్‌కతా పేరు కిందే
పాత లెక్కల్లో ఒక వరస:
మద్రాసు టైము. ఐదు గంటల ఇరవై ఒక్క నిమిషాల పది సెకన్లు.
ఒకప్పుడు రైళ్లు ఈ ఊరి గడియారం చూసి కూత వేసేవి.
తర్వాత, వెయ్యిన్నీ తొమ్మిది వందల ఆరు, జనవరి ఒకటి,
దేశమంతటికీ ఒకటే టైమన్నారు.

వాడు వేళ్ల మీద తీసివేత చేశాడు.
ఎనిమిది నిమిషాల యాభై సెకన్లు, అన్నాడు.
ఎవరు వాడతారక్కా దీన్ని?
ఎవరూ వాడరు.
ఇళవరసి తల తిప్పకుండానే అంది:
మా తాతమ్మ జాతకం రాసినాయన వాడాడు.
ఎనిమిది నిమిషాల్లో లగ్నం మారిపోతుంది.
ఆవిడకి సింహమో కన్యో తేలక
ఇప్పటికీ మా ఇంట్లో గొడవే.

బకెట్ నిండింది. వెట్రివేల్ పారబోసొచ్చాడు.
పదకొండూ నలభైకి విడుదల చేశాం.
ఫైల్లో మారింది ఒక్క వరస.
దాని మీద మేం ముగ్గురం, ఆరు టీలు, ఒక మసాలా బోండా పొట్లం.

ఆదివారం మధ్యాహ్నం, భోజనాల వేళ,
అక్కడ ఎనిమిదయింది.
ఇంట్లో కంచం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని చూశాను.
ఏమీ జరగలేదు.
మా పనిలో చప్పట్లంటే ఇదే.

కానీ మూడు ఫోన్లు
అప్‌డేట్ తీసుకోలేదు.
చార్జింగ్ లేదో, నెట్ లేదో, చేతకాలేదో.
పేర్లు మాకు కనబడవు, అంకెలే:
చివర నలభై ఒకటి, చివర సున్నా ఏడు, చివర అరవై.
ఆ ముగ్గురికీ గంట ముందే మోగి ఉంటుంది.
లేచి, ఇంకా తెల్లారకుండానే,
నీళ్లతో మాత్ర మింగి
కిటికీలోంచి చూసి ఉంటారు,
ఇవాళ వెలుగు ఇంత ఆలస్యమైందేమిటా అని.

పెరుగన్నం కలుపుకుంటూ
సున్నా ఏడుకి మళ్లీ పంపాను.